తీగ కొసకు బొట్టు

2022. దసరా సెలవులు ముగిసి పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీలు మళ్ళీ పొగ వదలడం మొదలుపెట్టిన వారం. సంగారెడ్డిలో నా కిరాయి ఇంట్లో టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నానో లేదో ఫోను మోగింది. పేరు చూడగానే విసుగు పుట్టింది. వీరేశం.

ముందు నా పని గురించి చెప్పాలి. నేను స్టోరేజ్ ఇంజనీరును. ఫ్యాక్టరీల పరీక్షల ఫలితాలు, సరుకు వివరాలు, కెమెరా రికార్డులు అన్నీ సర్వర్ లోపల పట్టవు. అందుకని బయట ఒక ఇనుప పెట్టెలో డిస్కులు వరసగా పేర్చి, ఆ పెట్టెను కేబుల్‌తో సర్వర్‌కు కలుపుతారు. దాన్ని డిస్క్ అర్రే అంటారు. ఆ పెట్టెకు, ఆ కేబుల్‌కు జబ్బు చేస్తే నన్ను పిలుస్తారు. ఇన్నేళ్ళుగా ఈ రోడ్డు మీద తిరుగుతున్నా, గేటు దగ్గర సెక్యూరిటీవాళ్ళు నా స్కూటీని చూసి "సార్ ఎనక వస్తున్నడా మేడం?" అని ఇప్పటికీ అడుగుతారు. "ఆ సార్ నేనే" అని సంతకం పెట్టి లోపలికి పోతాను.

మా ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పిల్లలు లేరు. పగలు సర్వర్ గదుల్లో ఫ్యాన్ల హోరు, సాయంత్రం ఇంట్లో టీవీ హోరు. మధ్యలో మనిషి గొంతు వినపడితే అది ఏదో ఒక కంప్లైంటే. ఆయుధపూజ రోజున మాత్రం నేను ఏ సైటుకూ వెళ్ళను. ఈ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో ఆ రోజు కార్మికుల ఇళ్ళల్లోంచి ఆడవాళ్ళు, పిల్లలు అందరూ వస్తారు. మిషన్లు కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొడతారు. కొత్తలో ఒకసారి వెళ్ళాను. కుంకుమ పళ్ళెం అందరి చేతుల్లో తిరిగి నా దాకా వచ్చింది. పట్టుకున్న పెద్దావిడకు నా సంగతి తెలుసు కాబోలు, మొహమాటంగా నవ్వి పళ్ళేన్ని నా పక్కనున్న ఆమెకు ఇచ్చింది. ఆమె తప్పేమీ లేదు, వాళ్ళ అలవాటు అది. కానీ నేను మళ్ళీ వెళ్ళలేదు.

ఇక వీరేశం. పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ముడిసరుకు ఫ్యాక్టరీలో సర్వర్ రూమ్ ఇన్‌ఛార్జ్. బొంతపల్లి మనిషి. ఊళ్ళో పొలం ఉన్నవాడే, ఫ్యాక్టరీలు వచ్చాక ప్లాంటులో ఆపరేటర్‌గా చేరి, మెల్లగా కంప్యూటర్ల వైపు వచ్చాడు. యాభై దాటిన మనిషి. నేను "అన్నా" అంటాను, ఆయన "మేడం" అంటాడు. ఆ ఏడాది ఎండాకాలం నుంచి నాకు ఆయన మీద కోపంగా ఉంది. కారణం, ఊరికే ఫోన్లు. "మేడం, పెట్టె మీద ఒక లైటు పచ్చగ కాకుండ జెర వేరే తీరుగ మెరుస్తున్నది." వెళ్ళి చూస్తే అన్నీ పచ్చగానే ఉండేవి. "మేడం, ఫ్యాను సప్పుడు మారినట్టున్నది." ఏమీ మారి ఉండేది కాదు. ఒకసారి మొహం మీదే అడిగాను, నీకు వేరే పని లేదా అన్నా అని. ఆయన నవ్వి, క్యాంటీన్ నుంచి టీ తెప్పించాడు.

ఈసారి ఫోను అలాంటిది కాదు.

"మేడం, డిస్కులు కనవడుత లేవంట. ల్యాబోళ్ళ స్క్రీన్లన్నీ ఆగినయ్. మేనేజర్ సార్ మస్తు గరం మీదున్నడు. జల్దీ రాండ్రి."

టీ అక్కడే పెట్టి బయలుదేరాను.

ఆ ఫ్యాక్టరీలో స్టోరేజ్ ఏర్పాటు కొంచెం వింతగా ఉంటుంది. మొదట్లో సర్వర్లు, డిస్క్ పెట్టె ఒకే గదిలో ఉండేవి. రెండిటినీ రాగి కేబుల్‌తో కలిపాం. దాన్ని ఎస్.ఎ.ఎస్. కేబుల్ అంటారు. అందులో పోయేది కరెంటు సంకేతం. బలంగా పోతుంది, మొరటుగా వాడినా తట్టుకుంటుంది. కానీ కొన్ని మీటర్లు దాటితే సంకేతం నీరసిస్తుంది. అంతకు ముందటేడు కంపెనీ కొత్త అడ్మిన్ బ్లాక్ కట్టి, సర్వర్లనూ కంప్యూటర్ కుర్రాళ్ళనూ అక్కడికి మార్చింది. కొత్త గదిలో చోటు, యూపీఎస్ బలం చాలక డిస్క్ పెట్టె మాత్రం పాత గదిలోనే మిగిలింది. దాన్ని చూసుకోవడానికి వీరేశం కూడా అక్కడే మిగిలిపోయాడు. రెండు గదుల మధ్య ప్రొడక్షన్ షెడ్డు అడ్డం.

అప్పుడు పెద్ద చర్చే జరిగింది. రాగి కేబుల్ అంత దూరం పోదు. మామూలు నెట్‌వర్క్ తీగల మీదుగా డిస్కులను నడిపే పద్ధతి ఒకటుంది, ఐస్కజీ అంటారు. కానీ ఆ ఫ్యాక్టరీ నెట్‌వర్క్ అప్పటికే కెమెరాలతో నిండిపోయి ఉంది, ఇంకో బరువు మోయలేదు. మిగిలింది ఫైబర్ ఛానెల్. వెంట్రుకంత గాజు పోగులో వెలుగును పంపుతారు. సంకేతం ఎంత దూరమైనా సుఖంగా పోతుంది, పక్కన మోటార్లు తిరిగినా దానికి లెక్క లేదు. ఒకటి తెగినా ఇంకొకటి ఉండేట్టు రెండు దారులు వేశాం. నేను బిగిస్తుంటే వీరేశం పక్కన కూర్చుని ఒక్కొక్కటీ అడిగి తెలుసుకున్నాడు.

"అంటే గీ తీగల కరెంటు లేదా?"

"లేదన్నా. లోపల వెలుగు పోతది, అంతే."

"కనవడుత లేదు గద."

"కంటికి కనబడని వెలుగు. కొసలో కన్ను పెట్టి చూడకు, కంటికి మంచిది కాదు."

ఆయన చాలాసేపు ఆ కేబుల్‌ను చూస్తూ ఉండిపోయాడు. అది నాకు బాగా గుర్తు.

ఆ రోజు నేను వెళ్ళేసరికి వీరేశం పాత గది బయటే నిలబడి ఉన్నాడు. మనిషి చిక్కిపోయాడు. తలుపుకూ, పెట్టె ముందు భాగానికీ దసరా బొట్లు అలాగే ఉన్నాయి. దసరా వెళ్ళాక ఈ చుట్టుపక్కల బొట్టు లేని మిషను ఉండదు కనుక నేను దాన్ని పట్టించుకోలేదు.

"మేడం, ఒక్క మాట" అన్నాడు తలుపు తీయకముందే. "గీ పెట్టె పనికి రాదని మీరు రాస్తే, ఈ రూమే బంద్ వెడ్తరంట. మేనేజర్ సార్ పొద్దున అన్నడు. రూమ్ లేకుంటే నాకేం పని ఉంటది? ఇంటికి పొమ్మంటరు."

"ఇంటికి పోయి సుఖంగా ఉండు. ఏమైతది?" అన్నాను, బ్యాగు దింపుతూ.

"ఇంట్ల ఏమున్నది మేడం" అన్నాడు.

అందరూ అనే మాటే కదా అనుకుని పనిలో పడ్డాను.

జరిగిందంతా పెట్టె తనంతట తాను రాసుకునే చిట్టా, అంటే లాగ్, చూస్తే, రెండు దారులూ కాసేపు పనిచేసి, కాసేపు పడిపోయి, మళ్ళీ లేస్తున్నాయి. సీఆర్‌సీ ఎర్రర్లు కుప్పలుగా ఉన్నాయి. పంపిన సమాచారం చివర ఒక సరిచూపు అంకె ఉంటుంది. అవతల అందుకున్నవాడు లెక్క చూసుకుని, అంకె కుదరకపోతే పారేసి మళ్ళీ పంపమంటాడు. అదే ఆ ఎర్రర్. అంటే వెలుగు పోతోంది గానీ మసకగా పోతోంది. సెలవుల్లో పని తక్కువ కనుక ఎలాగో నెట్టుకొచ్చింది, ఫ్యాక్టరీ పూర్తిగా తెరిచేసరికి చేతులెత్తేసింది. డిస్కులు మాత్రం ఒక్కటీ చెడలేదు. పెట్టె లోపల షెల్ఫులను కలిపే రాగి కేబుళ్ళు కూడా నిక్షేపంగా ఉన్నాయి.

"ఇక్కడ ఎవరన్నా ఏమన్నా ముట్టుకున్నరా అన్నా?"

"ఎవరు ముడ్తరు మేడం. నేనొక్కన్నే గద ఉండేది."

ఇది జవాబు కాదని అప్పుడు నాకు తట్టలేదు. మొదట పందికొక్కుల మీద అనుమానపడ్డాను. షెడ్డు పక్క కాలువ వెంబడి కేబుల్ గొట్టమంతా ఎండలో నడిచి చూశాను, ఎక్కడా కొరికిన జాడ లేదు. తరువాత ఎస్ఎఫ్‌పీ మార్చాను. కేబుల్ కొస దూర్చే చిన్న లోహపు ముక్క అది, కరెంటును వెలుగుగా మార్చేది అదే. కొత్తది పెట్టినా ఎర్రర్లు ఆగలేదు. పాత ఎస్ఎఫ్‌పీకి కొత్త కేబుల్ ముక్క పెట్టి చూశాను, అప్పుడూ అంతే. నాకు చిరాకు తలకెక్కింది. మధ్యలో మేనేజర్ రెండుసార్లు ఫోన్ చేశాడు. హైదరాబాదు కుర్రాడు, కార్తీక్ అని పేరు. "సాయంత్రానికి నాకు కారణం కావాలి మేడం. హెడ్డాఫీసు వాళ్ళు ఆ గది ఎత్తేసి అంతా ఒకచోటే పెడదామంటున్నారు" అన్నాడు.

నా బ్యాగులో ఒక చిన్న స్కోప్ ఉంటుంది. ఫైబర్ కొసను పెద్దది చేసి చూపిస్తుంది. దారి ఆపేసి, పాత కేబుల్ ఊడదీసి, కొసను స్కోప్‌లో పెట్టాను. గుండ్రటి గాజు కొస మధ్యలో, వెలుగు పోవలసిన చోట, నల్లగా రాళ్ళు పోసినట్టు ఏదో ఉంది. ఏ సర్వర్ గదిలోనూ అంత దుమ్ము చూడలేదు. ఊరికే కన్నుతో చూద్దామని కొసను లైటు కిందికి తిప్పాను. ప్లాస్టిక్ అంచు చుట్టూ సన్నగా ఎర్రటి పొడి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పసుపు వాసన వచ్చింది.

తిరిగి చూశాను. వీరేశం గోడకు ఆనుకుని నేల చూస్తున్నాడు.

"అన్నా, ఇదేంది?"

తలెత్తకుండా ఒక్కొక్క మాటే చెప్పుకొచ్చాడు. "పండుగకు ప్లాంటు షట్‌డౌన్ ఉండె గద. సర్వర్లు గూడ బంద్ వెట్టిర్రు. గప్పుడు తీగలన్ని ఊడవీకి, మంచిగ బట్టతోని తుడిసిన. ఒక్కో కొసకు పసుపు రాసి, బొట్టు వెట్టి, మల్ల ఏ తీగను ఆ జాగలనే పెట్టిన. ఏదీ తారుమారు చెయ్యలే మేడం, ఒట్టు."

"కొసకు బొట్టు ఎందుకు పెట్టినవన్నా?"

"మీరే చెప్తిరి గద, లోపల వెలుగుంటదని. దీపానికి బొట్టు వెట్టమా?"

తిట్టడానికి నోరు తెరిచి మూసుకున్నాను. నిజమే, ఆ మాట చెప్పింది నేనే. వెలుగు అన్నాను, ఆయన దీపం అనుకున్నాడు.

రాగి కేబుల్ కొసల్లోనూ కుంకుమ ఉంది. అక్కడ లోహం లోహానికి ఒరుసుకుని కూర్చుంటుంది, పొడిని అదే పక్కకు తోసేస్తుంది. గాజుకు ఆ శక్తి లేదు. పోగు లోపల వెలుగు నడిచే దారి వెంట్రుక కంటే సన్నం. ఒక్క కుంకుమ రేణువు అడ్డం పడితే చాలు. పైగా ఈ కొసలు ఒకటినొకటి తాకి కూర్చుంటాయి కనుక, నేను పెట్టిన కొత్త ఎస్ఎఫ్‌పీకి పాత కేబుల్ నుంచి కుంకుమ అంటింది, పాత ఎస్ఎఫ్‌పీ నుంచి కొత్త కేబుల్‌కూ అంటింది. అందుకే ఏది మార్చినా రోగం పోలేదు.

క్లీనర్ పెన్నుతో, స్పిరిట్ తడిపిన తుడుపు కాగితంతో ఒక్కో కొసా శుభ్రం చేసి, స్కోప్‌లో చూసి, మళ్ళీ తుడిచాను. రెండు ఎస్ఎఫ్‌పీలు ఎంతకీ శుభ్రపడక మార్చేశాను. వీరేశం పక్కన కూర్చుని తుడుపు కాగితాలు అందించాడు. ఎర్రబడిన కాగితాలను చెత్తబుట్టలో వేయలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. దారులు రెండూ లేచాయి. ఎర్రర్ల అంకె పెరగడం ఆగింది. డిస్కులు మళ్ళీ కనిపిస్తున్నాయని ల్యాబ్ నుంచి కబురొచ్చింది.

"మేడం" అన్నాడు మెల్లగా. "దుమ్ము అని రాయున్రి. నేను చేసిన అని రాయకున్రి. పెట్టె ఖరాబైందంటే రూమ్ పోతది, నేను ఖరాబు చేసిన అంటే నేను పోత."

"చూసింది రాస్తనన్నా. కొసల్లో పొడి ఉండె, తుడిసిన, బాగైంది. నీ పేరు నేను తీయను. కానీ ఎవరు చేసిన్రని సార్ అడిగితే నేను అబద్ధం చెప్పలేను."

తల ఊపాడు. ఇద్దరం షెడ్డు పక్కనుంచి అడ్మిన్ బ్లాక్‌కు నడిచాం.

కార్తీక్ అద్దాల గదిలో ఉన్నాడు. విషయం చెప్పాను. పెట్టె గట్టిగానే ఉంది, కేబుల్ కొసల్లో పొడి చేరింది, శుభ్రం చేశాను అన్నాను. అతను తెలివైనవాడు. "మూసి ఉన్న ఏసీ గదిలో, బిగించి ఉన్న కనెక్టర్‌లోకి పొడి ఎలా వెళ్ళింది మేడం?" అన్నాడు.

పక్కనుంచి వీరేశం గొంతు వినపడింది.

"నేనే సార్. దసరాకు కుంకుమ వెట్టిన. తీగలు ఊడవీకి వెట్టిన."

కార్తీక్ కుర్చీలో వెనక్కి వాలాడు. కోపంకంటే ఆశ్చర్యమే ఎక్కువ కనిపించింది. "ఆయుధపూజ ప్రతి సంవత్సరం చేస్తారు కదా. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఈ ప్రాబ్లెం రాలేదే?"

"ఇన్నేండ్లు మా ఇంటామె వెట్టింది సార్" అన్నాడు వీరేశం. "పండుగకు ఆమెనే వస్తుండె. ఆమె బయటనే వెడ్తుండె. నేను బట్టతోని తుడుస్తుంటే, పైపైన తుడిస్తే ఏమొస్తది, లోపల గూడ తుడువాలె అని నన్ను జూసి ప్రతిసారి నవ్వుతుండె. ఎండకాలం ముంగట పోయింది సార్. ఈసారి లోపల గూడ తుడుస్తనని అనుకున్న. గంతే సార్."

ఎండాకాలం. ఆ ఫోన్లన్నీ మొదలైంది ఎండాకాలంలోనే. పచ్చగా మెరవని లైటు, చప్పుడు మారిన ఫ్యాను, క్యాంటీన్ టీ. ఆ గదిలో ఒక్కడే కూర్చుని, ఇంటికి పోతే అక్కడా ఒక్కడే, మాట్లాడడానికి ఎవరూ లేక ఆ మనిషి నన్ను పిలిచాడు. నేను లైట్లు చూసి, అన్నీ బాగున్నాయని విసుక్కుని వెళ్ళిపోయాను. ఎవరికి తెలియకపోయినా నాకు తెలియాలి కదా. నేను కూడా సాయంత్రం పూట అవసరం లేని కూరగాయలు కొనడానికి రైతుబజారుకు పోయేదాన్నే.

కార్తీక్ గొంతు తగ్గించి, "వీరేశం గారూ, ఆ కేబుళ్ళు ఇకనుంచి ఈ మేడం తప్ప ఎవ్వరూ ముట్టుకోవద్దు. పూజ బయట చేసుకోండి" అన్నాడు. నా వైపు తిరిగి, "పెట్టె బాగుందని రాయండి మేడం. కొత్త స్టోరేజ్ వచ్చేదాకా ఆ గది ఉంటుంది. ఆ తరువాత సంగతి నా చేతిలో లేదు" అన్నాడు. అంతకంటే ఎక్కువ అతను ఇవ్వలేడు, ఇచ్చింది తక్కువా కాదు.

ఈ కేసు నాకు ఫైబర్ గురించి నేర్పింది పెద్దగా ఏమీ లేదు. కొసలు శుభ్రంగా ఉండాలని అంతకు ముందే తెలుసు. ఇప్పుడు మాత్రం ఏ సైటుకు వెళ్ళినా ముందు స్కోప్ తీస్తాను, తరువాత ల్యాప్‌టాప్. ఏ లోపమూ లేకుండా కంప్లైంట్ వచ్చినా విసుక్కోను. లైట్లన్నీ పచ్చగా ఉన్నా కాసేపు కూర్చుని టీ తాగి, ఇంట్లో అందరూ ఎలా ఉన్నారని అడుగుతాను. అడిగి, జవాబు వినేదాకా ఆగుతాను.

మరుసటేడు దసరాకు ముందు వీరేశం ఫోన్ చేశాడు. "మేడం, పూజ నాటికి మీరు రావాలె. లోపల మీరు తుడువున్రి, బయట నేను తుడుస్త." ఆ రోజు నేను ఎక్కడికీ వెళ్ళనని చెప్పబోయి, తీగలు తుడవడం నా పనే కదా అనుకుని వెళ్ళాను. షట్‌డౌన్‌లో రెండు దారులూ విప్పి, కొసలు తుడిచి, స్కోప్‌లో చూసి బిగించాను. ఆయన పెట్టెను తళతళలాడేట్టు తుడిచాడు. అప్పుడు తాటికాయంత కొబ్బరికాయ పక్కన పెట్టి, చిన్న స్టీలు కుంకుమ భరిణె తీసి నా ముందు చాపాడు. అది వాళ్ళావిడదని చూడగానే తెలిసింది.

"పెట్టున్రి మేడం."

నేను ఒక అడుగు వెనక్కి వేశాను. "నేను పెట్టొద్దన్నా. మా ఆయన లేడు. నీకు తెల్వదా?"

"తెలుసు" అన్నాడు. భరిణె వెనక్కి తీసుకోలేదు. "మా ఇంటామె గూడ లేదు. పోయినేడు నేను వెట్టలేదా? నన్ను ఎవరన్న వద్దన్నరా? పెట్టు చెల్లే."

అన్నేళ్ళ తరువాత కుంకుమలో వేలు ముంచాను. అలవాటు తప్పి బొట్టు కొంచెం వంకరగా వచ్చింది. వీరేశం దాన్ని అటూ ఇటూ చూసి, మంచిగున్నది అన్నాడు. పెట్టె మీద లైట్లన్నీ పచ్చగానే ఉన్నాయి. అయినా ఆ రోజు నేను తొందరగా వెళ్ళలేదు.